మజ్జిగయు, మాత్రయు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా నేను ఈ గ్రంథాలయమున చదువరిగా కూర్చున్నవాడనే గాని, వేదికపై నిలిచి మాటాడినవాడను కాను. వృత్తిచే లెక్కల గుమాస్తాను. మా తాతగారు ఈ ఊరి కరణము. 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట మా ఇంట మిగిలినవి మూడు: ఒక దస్తరపు పెట్టె, ఒక వ్రాతబల్ల, లెక్కయెడ భయభక్తులు. ఆ మూడింటి బలముననే సహకార పరపతి సంఘపు ఆవర్జాలు వ్రాయుచు కాలము గడుపుచున్నాను. కళాశాల మెట్లెక్కి యెరుగను. నాకు తెలిసిన భారత భాగవతములును, ప్రబంధములును ఈ బీరువాలలోనివే. పద్యము అర్థము కానిచో వ్యాఖ్యను, వ్యాఖ్య అర్థము కానిచో నిఘంటువును తెరచుట, ఇదియే నా విద్యాభ్యాసము.

ప్రబంధములలోని భోజన వర్ణనలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వారి ఆజ్ఞను సగమే పాలింపగలను. భోజనమును గూర్చియే మాటాడెదను. కాని వర్ణించుటకు గాదు, ఒక తప్పు లెక్కను దిద్దుటకు. ఆ తప్పు వ్రాసినవాడను నేనే. అది జరిగినది ఈ గ్రంథాలయపు అరుగుమీదనే. కనుక దిద్దుబాటును గూడ పదిమంది యెదుట ఇచ్చటనే చేయుట న్యాయమని తోచినది.

ఆరేండ్ల క్రిందటి మాట. వేసవి సాయంకాలము. అరుగుపై ఎప్పటివలె పదిపన్నెండుగురము చేరితిమి. ఒక పత్రికలో వచ్చిన చిన్న వ్యాసమును నేను పైకి చదివితిని. జపానులో పులియబెట్టిన పాలలో పెప్టైడులను చిన్న పదార్థములు కలవనియు, అవి రక్తపోటును తగ్గించుననియు, రక్తనాళముల లోపలి వాపును శమింపజేయుననియు అందున్నది. అంతతో ఊరకున్న బాగుండెడిది. నాకు తెలిసిన నాలుగు పద్యములు నన్ను ఊరకుండనీయలేదు. కళింగ దండయాత్ర మార్గమున మన బెజవాడలో విడిసి, మన దివిసీమకు చేరువనున్న శ్రీకాకుళమున ఆంధ్ర విష్ణుని సేవించిన కృష్ణదేవరాయలవారు తమ ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున ఏ పదార్థములు వడ్డించెనో వర్ణించిరి గదా. వేసవి విందులో మజ్జిగ కలదు. దానిని ఎత్తుకొని, జపానువారు నేడు కనుగొన్నది మన రాయలవారు ఐదువందల యేండ్ల క్రిందటనే వడ్డించిరి అని గొప్పగా పలికితిని. అందరును సంతోషించిరి.

మా అన్నగారు అక్కడనే ఉండిరి. ఆయనకు అప్పటికి ఎనిమిదేండ్లుగా రక్తపోటు కలదు. దినమునకొక మాత్ర వేసికొనుచుండెడివారు. "అయితే తమ్ముడూ, ఈ మాత్రలు మింగుట దేనికోయి?" అనిరి. నేను నవ్వుచు, "ఇంట పాడి యుండగా మందుల దుకాణముతో పనియేమి అన్నయ్యా!" అంటిని. ఆ మాట అనిన నేను మరునాటికే మరచితిని. వినిన ఆయన మరువలేదు. మాత్ర మానిరి. రెండు పూటల పెద్ద లోటాతో మజ్జిగ పుచ్చుకొనసాగిరి. ఆ మజ్జిగలో ప్రతి పర్యాయమును చిటికెడు ఉప్పు పడుచునే యుండెను. ఒంట్లో తేలికగానే యున్నదని చెప్పుచుండిరి. ఏ బాధయు లేదు గనుక పోటును కొలిపించుకొనవలెనన్న తలంపు ఎవరికిని కలుగలేదు.

కార్తికమాసమున ఒక వేకువజామున వదినగారు మమ్ము కేకవేసిరి. పోయి చూచునప్పటికి అన్నగారి నోరు ఒక ప్రక్కకు వంకరవోయినది. కుడిచేయి పలుకలేదు. మాట ముద్దయైనది. కారులో విజయవాడకు కొనిపోయితిమి. దైవకృప, వైద్యుల నేర్పు కలసి ప్రాణము నిలిచినది. ఆరు నెలలకు నడక వచ్చినది. కుడిచేయి పూర్తిగా రాలేదు. నేడు ఎడమచేతితో సంతకము చేయుదురు. ఇదిగో, మొదటి వరుసలో కూర్చున్నారు. ఈ ఆరేండ్లలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనియుండిన నాకు కొంత తేలికగా నుండెడిది. ఈ కథను సభలో చెప్పుటకు ఆయన అనుమతి తీసికొంటిని. "చెప్పుము, పూర్తిగా చెప్పుము" అనిరి. పూర్తిగా చెప్పవలెనన్న పెప్టైడులనగా నేమో, ఆ పత్రిక వ్రాసినది ఎంత నిజమో, నేను అనినది ఎంత అబద్ధమో విడదీయవలెను. ఆనాటి నుండి దొరికినంత చదివితిని. అర్థము కానిచోట వైద్యులను అడిగితిని. నాకు పట్టుబడినంత మేరకు మీకు విన్నవించెదను.

ముందుగా రక్తనాళముల సంగతి. కాలువల నడుమ పుట్టిన మనకు ఇది చెప్పుట కష్టము కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశం బ్యారేజీ సిద్ధమైన నాటినుండియు మన బ్రతుకు కాలువ మీదనే కదా. కాలువను చూచినవాడు నీటినే చూడడు, గట్టును గూడ చూచును. నీరు ఎంత మంచిదైనను గట్టు చెడినచో పొలమునకు చేరదు. అట్లే రక్తనాళమునకును లోపల ఒక పొర కలదు. దాని మందము ఒకే ఒక్క కణము. అంత పలుచని పొర ఊరక అతికించిన పూత కాదు. అది కాలువ మీది లస్కరు వంటిది. ఎప్పుడు నాళము విప్పారవలెనో, ఎప్పుడు ముడుచుకొనవలెనో, ఎవరిని లోనికి రానీయవలెనో అది కనిపెట్టుచుండును. నాళమును సడలించుటకు అది నైట్రిక్ ఆక్సైడు అను వాయువును పుట్టించును. ఈ సంగతి కనుగొన్నందుకు 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది.

పోటు ఎక్కువై గట్టునొరయుట, పొగాకు పొగ, మధుమేహము, రక్తములో చెడు క్రొవ్వు, వీనివలన ఆ పొర గాయపడును. గాయపడిన పొర తన మీద జిగురు వంటి పదార్థములను మొలిపించి, రక్తములోని తెల్లకణములను పట్టి నిలుపును. ఆ కణములు లోనికి చొచ్చి, అచట చేరిన క్రొవ్వును మ్రింగి, ఉబ్బి, అచటనే పడియుండును. కాలువలో గుర్రపుడెక్క ఒకచోట తట్టుకొన్నచో దానికి ఒండ్రు తగులుకొనును, ఒండ్రు మీద మరల తుంగ మొలచును. అదే విధముగా నాళపు గోడలో పూడిక పెరుగును. దీనినే వైద్యులు రక్తనాళముల శోథ అందురు. తేలిక మాటలో లోపలి వాపు. కాలికి దెబ్బ తగిలి వాచిన మనకు నొప్పి తెలియును. ఈ వాపు నొప్పి తెలియనిది. ఒకనాడు ఆ పూడిక పగిలి, దానిపై రక్తము గడ్డకట్టి, దారి మూసికొనును. గుండెలో మూసికొన్న గుండెపోటు, మెదడులో మూసికొన్న పక్షవాతము. ఒంట్లో తేలికగానున్నదని అన్నగారు చెప్పిన ఆ నాలుగు నెలలును లోపల జరుగుచున్నది ఇదియే.

ఇక పెప్టైడు. వ్యాకరణము చదివినవారికి ఇది మరియు సులభము. పప్పు, పాలు, గ్రుడ్డు, చేప, మాంసము, వీనిలో మాంసకృత్తులు కలవు. మాంసకృత్తు అనగా ఒక మహాసమాసము. దానిలోని అక్షరములు అమైనో ఆమ్లములు. ఇవి ఇరువది రకములు. మన వర్ణమాలకన్న చిన్నది. కాని ఆ ఇరువదింటిని వందలకొలది కూర్చి ప్రకృతి ఎన్ని సమాసములనైనను చేయగలదు. మనము తినినప్పుడు జీర్ణరసములు ఆ సమాసమునకు విగ్రహవాక్యము చెప్పును. మొదట ముక్కలు చేయును, తుదకు అక్షరములుగా విడదీయును. సమాసమునకును, అక్షరమునకును నడుమ రెండక్షరములవి, మూడక్షరములవి, పదియక్షరములవి అగు చిన్న పదములు కలవు గదా. అవియే పెప్టైడులు. పాలు తోడుకొనునప్పుడు, దోసెపిండి పులియునప్పుడు సూక్ష్మజీవులు గూడ ఈ పదవిభాగము కొంత చేయును. సమాసమున అణగియున్న పదము విడివడిన పిమ్మట సమాసమునకు లేని క్రొత్త అర్థము ఇచ్చుట మనకు తెలియనిది కాదు. పెప్టైడులును అట్టివే. మాంసకృత్తులో కలసియున్నంతకాలము అవి ఏమియు చేయవు. విడివడిన పిమ్మట కొన్నింటికి ఒక పని ఏర్పడును.

మన శరీరములో ఈ పదములకు ఎంత శక్తి యున్నదో చూడుడు. ఆంజియోటెన్సిన్ అను పెప్టైడు ఒకటి రక్తములో తయారగును. అది మొదట పది యక్షరములది. అప్పుడు దానివలన చెప్పుకొనదగిన కీడు లేదు. ఒక రసము దాని చివరి రెండక్షరములను కత్తిరించును. మిగిలిన ఎనిమిదక్షరముల పదము రక్తనాళములను బిగించును. ఉప్పును, నీటిని శరీరములో నిలుపును. మేర మించినచో నాళపు లోపలి పొరలో వాపును గూడ రగుల్చును. రెండక్షరములు లోపించుటతో అర్థము తారుమారైనది! కావున ఆ కత్తెరను ఆపగలిగినచో పోటు తగ్గునని శాస్త్రజ్ఞులు తలపోసిరి.

ఆ కత్తెరను ఆపు మందుకు దారి చూపినది పామువిషము. బ్రెజిలు దేశపు రక్తపింజరి జాతి పాము కరచినవారికి పోటు పడిపోవుచుండెను. ఆ దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు సెర్జియో ఫెరైరా 1965లో ఆ విషములోని పెప్టైడుల ప్రభావమును వెల్లడించెను. ఆ జాడ పట్టుకొని అమెరికాలోని ఒక మందుల సంస్థలో కుష్మన్, ఒండెట్టి అనువారు కాప్టోప్రిల్ అను మందును రూపొందించిరి. 1981లో అది అమెరికాలో అనుమతి పొందినది. నేడు పేరు చివర ప్రిల్ అని వచ్చు రక్తపోటు మాత్రలన్నియు ఆ వంశమువే. మా అన్నగారు మానివేసినది ఆ కుటుంబపు మాత్రయే. పాము విషమునుండి మానవుడు మందు తీయగలిగెను. ఆ మందును నేను ఒక్క చమత్కారపు మాటతో చెత్తబుట్టలో వేయించితిని.

ఆ కత్తెరను కొంత మొద్దుబరచు పెప్టైడులు ఆహారములోను కలవా? కలవు. ఇది అబద్ధము కాదు. 1995లో జపాను శాస్త్రజ్ఞులు ఒక ప్రత్యేకమైన సూక్ష్మజీవిచే పులియబెట్టిన పాలనుండి మూడేసి యక్షరముల పెప్టైడులను రెండింటిని తీసిరి. వాని చివర ప్రోలీన్ అను అక్షరము వరుసగా రెండు మారులు వచ్చును. ఆ అక్షరము ఉన్నచోట జీర్ణరసముల కత్తికి పదును చాలదు. కావుననే అవి కొంత జీర్ణము కాక మిగులును. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు గ్రుడ్డు తెల్లసొననుండి అట్టి మూడక్షరముల పెప్టైడులనే తీసి, మనుష్య రక్తనాళపు పొర కణములను గాజుపాత్రలో పెంచి, వాపు పుట్టించి, ఆ పెప్టైడులను పోసి చూచిరి. పైని చెప్పిన జిగురు పదార్థముల మొలక తగ్గెను. పోటు జబ్బుగల ఎలుకలకు ఇచ్చినప్పుడు పోటును తగ్గెను. పత్రిక వ్రాసిన వార్తకు మూలము ఇట్టివే.

అయితే, అయ్యా, లెక్కలో చిట్టా వేరు, ఆవర్జా వేరు, తనిఖీ వేరు. ఆనాటి ఆదాయము చిట్టాలో వ్రాసినంతమాత్రమున అది సంవత్సరపు లాభము కాదు. వైద్యశాస్త్రములో గాజుపాత్ర చిట్టా వంటిది. ఎలుక ఆవర్జా వంటిది. వందలకొలది, వేలకొలది మనుష్యులపై సంవత్సరముల తరబడి చేసిన పరీక్షయే తనిఖీ. ఆహార పెప్టైడుల లెక్క ఆ తనిఖీలో ఏమైనది? జపానులో మొదట చేసిన పరీక్షలలో పోటు కొంత తగ్గినట్లు కనబడెను. తరువాత ఐరోపాలో చేసినవానిలో కొన్నింట తగ్గుదల స్వల్పము, కొన్నింట శూన్యము. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆ పాల పెప్టైడుల లెక్కనంతయు పరిశీలించి, పోటును అదుపున నుంచుటకు వానికిని గల సంబంధము రుజువు కాలేదని 2012లో తేల్చినది. ఇక గుండెపోటును, పక్షవాతమును ఆపుట సంగతి చెప్పవలసినదే లేదు. దానికి దాఖలాయే లేదు.

కారణము ఊహింపరానిది కాదు. గాజుపాత్రలో పెప్టైడును తిన్నగా కణముమీద పోయుదురు. మనము మ్రింగినది కడుపును దాటవలెను, ప్రేగును దాటవలెను, రక్తములోని ఇతర కత్తెరలను తప్పించుకొనవలెను. తుదకు నాళపు గోడకు చేరునది అత్యల్పము. పైగా జపానువారి పాలలోని సూక్ష్మజీవి వేరు. మన ఇండ్లలో తోడు ఇంటింటికి మారును. మా ఇంటి మజ్జిగలో ఆ పెప్టైడు ఎంత యున్నదో ఎవరును కొలువలేదు. మాత్రలోనన్ననో మందు ఇన్ని మిల్లీగ్రాములని వ్రాసియుండును. కొలత లేని జమను కొలతగల ఖర్చుకు ఎదురు కట్టి లెక్క సరిపోయినదని చెప్పితిని. మా తాతగారు బ్రతికియుండిన నా చేతిలోని కలమును లాగికొనెడివారు.

వాపును తగ్గించినచో గుండెజబ్బు తగ్గునా అను ప్రశ్న గూడ చిన్నది కాదు. దీనిలో మన తెలుగువారికి సంబంధించిన ఒక కథ కలదు. 1895లో మన పొరుగునున్న భీమవరమున జన్మించి, అమెరికాకు పోయి, మహోపకారములైన మందులకు కారకులైన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీరు ఎరుగుదురు. 1948లో ఆయన స్వర్గస్థులైరి. ఆయన పర్యవేక్షణలో రూపొందిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. అది కొన్ని క్యాన్సరులకును, కీళ్లవాతమునకును నేటికిని వాడబడుచున్నది. కీళ్ల వాపును తగ్గించు ఈ మందు రక్తనాళముల వాపును గూడ తగ్గించునేమోయని అమెరికాలో సుమారు 4,800 మంది హృద్రోగులపై పరీక్షించిరి. ఫలితము 2018లో వెలువడెను. గుండెపోటులు తగ్గలేదు. దానికి ఒక యేడు ముందు, అనగా 2017లో, వాపును మరియొక మార్గమున ఆపు వేరొక మందును పదివేల మందికి పైగా పరీక్షింపగా గుండెపోటులు కొంత తగ్గెను, కాని ప్రమాదకరమైన అంటువ్యాధులు కొంత హెచ్చెను. కావున వాపు తగ్గించుట మంచి మార్గమే, అయినను ఏ మందైనను ఏ వాపునైనను తగ్గించి మేలు చేయునని అనుకొనరాదు. ఎన్నో రోగములకు పనిచేసిన అంతటి మహామహుని మందే ఈ ఒక్క తనిఖీలో నిలువలేదు. ఇక నా లోటా మజ్జిగ ఎంత?

మన ప్రాంతపు సంగతి ఇప్పుడు చూతము. గుండెజబ్బు పట్టణపు ధనికుల జబ్బని మన పెద్దలు అనుకొనెడివారు. మన పొరుగు గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో ఒక యేడాది పాటు సంభవించిన మరణములన్నింటికి కారణములను ఇంటింట విచారించిరి. ఆ గ్రామముల జనము ఒక లక్షా ఎనుబది వేలు. మరణములు 1,354. వానిలో నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బులవలననే. గుండెపోటును, పక్షవాతమును ఇంచుమించు సరిసమానము. అంటువ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. అవి మనవంటి వరిపొలముల ఊళ్లు, మనవంటి కాలువగట్లు, మనవంటి వంటలు. ఆ లెక్కలో మనమును ఉన్నామని అనుకొనవలసినదే.

అట్లైన ఆహారముతో ఫలమే లేదా? తప్పక కలదు. కాని అది ఒక్క పెప్టైడులో లేదు, విస్తరి మొత్తములో ఉన్నది. 1997లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో 459 మందిలో కొందరికి కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు పెరుగులు హెచ్చుగాను, క్రొవ్వు తగ్గించియు భోజనము పెట్టి చూచిరి. రక్తపోటు ఉన్నవారికి పై అంకె సగటున 11 తగ్గెను. ఒక మాత్రతో వచ్చునంతటి తగ్గుదల ఇది. అందులో పెరుగు ఒక భాగము మాత్రమే. ఆకుకూర, కాయగూర, పప్పు, పండు అన్నియు కలసి చేసిన పని అది. రాయలవారు వర్ణించినదియు మజ్జిగనొక్కదానిని గాదు, ఋతువుకు తగిన విందును. నేను ఆ విందులోనుండి ఒక్క గిన్నెను ఎత్తి మీకు చూపితిని. కావ్యమును గూడ సగమే చదివితిననుటకు ఇది నిదర్శనము.

రెండవది ఉప్పు. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు లోపుగా, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ ఉప్పు వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడము, వడియము, ఉప్పుచేప, ఇవి మన విస్తరిమీద ఉన్నప్పుడు ఆ చెంచా మధ్యాహ్నము లోపలనే నిండును. ఇంటి ఆడవారిని ఆవకాయ పెట్టవద్దని చెప్పు ధైర్యము నాకు లేదు. రెండు ముద్దలకు బదులు సగము ముద్దకు కలుపుకొనుడని మాత్రము మనవి. మజ్జిగ మంచిదే. ఉప్పు వేయక కరివేపాకు, అల్లము, నిమ్మరసముతో త్రాగిన ఇంకను మంచిది.

ఉప్పును మార్చుట వలన కలుగు మేలునకు దాఖలా గట్టిది. చీనాలో 600 గ్రామములలో దాదాపు 21,000 మందిపై ఐదేండ్లు పరీక్ష జరిగెను. ఉప్పులో నాలుగవ వంతు తీసి పొటాషియం లవణము చేర్చిరి. పక్షవాతములు నూటికి 14 చొప్పున తగ్గినవని 2021లో ప్రకటించిరి. మన తెలుగు నేలమీదనే, సిద్దిపేట ప్రాంతపు పల్లెలలో, రక్తపోటుగల 502 మందిలో కొందరికి అట్టి ఉప్పునే మూడు నెలలు ఇచ్చి చూడగా పై అంకె సగటున 4.6 తగ్గెనని అదే యేట వెల్లడియైనది. అయితే మూత్రపిండముల జబ్బు ఉన్నవారికిని, కొన్ని రకముల మాత్రలు వాడువారికిని పొటాషియం ప్రమాదకరము. పైని చెప్పిన ప్రిల్ మాత్రలును ఆ కోవలోనివే. కావున వైద్యుని అడుగక ఆ ఉప్పు కొనవద్దు. మరల ఒక అన్నగారిని ఆసుపత్రికి పంపుటకు నేను సిద్ధముగా లేను.

మూడవది, అన్నింటికన్న ముఖ్యమైనది. మాత్ర వాడుచున్నవారు తమంతట తాము మానరాదు. పోటు అదుపులోనికి వచ్చినదన్న అది మాత్ర చేసిన పని. లాకు తలుపు మూసియున్నందున వరద ఆగినచో, వరద లేదని తలుపు ఎత్తుదుమా? తగ్గింపవలెనన్నను, మార్పవలెనన్నను వైద్యుడు చెప్పవలెను. పెప్టైడుల పేర, మాంసకృత్తుల పేర డబ్బాలలో పొడులు అమ్మకమునకు వచ్చుచున్నవి. కొనువారు ఒక్క ప్రశ్న అడుగుడు: దీనిని మనుష్యులపై, ఎందరిపై, ఎన్నాళ్లు పరీక్షించిరి? గుండెపోటు తగ్గినదా, ఒట్టి అంకె తగ్గినదా? జవాబు లేనిచో ఆ రొక్కముతో పప్పును, ఆకుకూరను, పండ్లను కొనుడు. వానిలోను పెప్టైడులు పుట్టును. అదనముగా కడుపు నిండును.

అయ్యా, ఇదంతయు గ్రంథాలయ రజతోత్సవమున చెప్పనేల అని ఎవరైన అనవచ్చును. చెప్పవలసిన చోటు ఇదియేనని నా నమ్మకము. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు మన బెజవాడ పుట్టినిల్లు. 1911లో అచట రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపై పడవలో పుస్తకములను పల్లెలకు నడిపించిరి. నీటితోపాటు చదువును కాలువ వెంట వచ్చిన దేశము మనది. కాలువ నీరు పొలమునకు వచ్చినప్పుడు తూము దగ్గర నిలిచి చూచి పెట్టుకొందుము గాని కన్నులు మూసికొని గండి కొట్టము. చదువును అంతే. అచ్చులో ఉన్నదంతయు నిజము కాదు. నిజమైనను అంతయు మనకు అన్వయింపదు. సగము చదివి పూర్తిగా చెప్పువాడు ఏమియు చదువనివానికన్న ఎక్కువ కీడు చేయును. చదువనివాని మాటను అన్నగారు వినెడివారు కారు. నేను చదివినవాడనని నమ్మి వినిరి.

కడపట కార్యవర్గమువారికి ఒక విన్నపము. రక్తపోటు కొలుచు చిన్న యంత్రము ఒకదానిని ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము గ్రంథాలయమున ఉంచుదము. దాని వెలను నేను ఇచ్చుకొందును. ప్రతి ఆదివారము సాయంకాలము ఆ అరుగుమీదనే, ఆ పాత వ్యాసమును నేను చదివినచోటనే, కూర్చుండి ముప్పదియేండ్లు దాటినవారందరికి కొలిచెదము. కొలుచు పద్ధతిని మన ఆరోగ్య ఉపకేంద్రపు నర్సమ్మగారు నేర్పుటకు అంగీకరించిరి. కొలుచుటకు ముందు ఐదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెనట. ఆ ఐదు నిమిషములు పుస్తకము చదువుకొనవచ్చును. పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని అయినను, దాటినను వారి పేరు వేరొక చిట్టాలో ఎక్కించి, వైద్యునివద్దకు పోయి వచ్చిరా లేదా అని వారమువారము అడుగుదము. ఆ చిట్టా వ్రాయు పని నాది. అంకె వ్రాయుదును గాని మందు చెప్పను. ఎవరైన వచ్చి ఇంటి చిట్కా ఏదైన చెప్పుమన్నచో మా అన్నగారిని చూపుదును.

నిన్న సాయంకాలమే ఒక క్రొత్త చిట్టా కుట్టి, గళ్లు గీసి తెచ్చితిని. మొదటి పేరు ఎవరిదను ప్రశ్న వచ్చినది. "నాదే వ్రాయుము" అని అన్నగారు కలము పుచ్చుకొని, ఎడమచేతితో తామే వ్రాసిరి. అక్షరములు కొంత వంకరగా నున్నవి. నా యేబదియేండ్ల జీవితములో నేను చూచిన దాఖలాలలో అంతటి చక్కని దస్తూరి లేదు.